రేటు 80 లక్షలు.. మరి చేతిలో ఎంత ఉండాలి?

శంషాబాద్ వైపు ఫ్లాట్ చూడ్డానికి వెళ్తే మొదట వినిపించే మాట ‘ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలే సార్’. రెండో మాట ‘లోన్ సంగతి మేం చూసుకుంటాం’. మా టీమ్‌లో సగం మంది వీకెండ్స్‌లో సైట్ విజిట్‌లకే తిరుగుతున్నారు. అందుకే బ్రోచర్‌లో ఉండని లెక్క ఒకటి వేద్దాం.

నిర్మాణంలో ఉన్న 80 లక్షల ఫ్లాట్ అనుకోండి. ఆర్‌బీఐ నిబంధన ప్రకారం, 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఇచ్చే హోమ్‌లోన్ ఇంటి విలువలో 80 శాతం మించకూడదు. అంటే గరిష్ఠంగా 64 లక్షలు. మిగతా 16 లక్షలు మనవే. ఆగండి, అయిపోలేదు! స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం.. 6 లక్షలు. జీఎస్టీ 5 శాతం.. 4 లక్షలు. వీటిని బ్యాంకు ఇంటి విలువలో కలపదు. మొత్తం 26 లక్షలు మన జేబులోంచే పోవాలి. కబోర్డులు, ఫ్యాన్లు ఆ తర్వాత. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక అమ్మే ఫ్లాటైతే జీఎస్టీ ఉండదు. ఆ 4 లక్షల తేడా గుర్తుపెట్టుకోండి.

ఇక ఈఎంఐ. 64 లక్షలు, 20 ఏళ్లు, 8.5 శాతం వడ్డీ అనుకుంటే నెలకు సుమారు 55,500. మొదటి నెల కిస్తీలో 45 వేలకు పైగా వడ్డీకే పోతుంది. అసలు తగ్గేది 10 వేలే! 20 ఏళ్లూ ఇలాగే కడితే వడ్డీయే 69 లక్షలు. ఫ్లోటింగ్ రేటు లోన్ ముందే తీర్చేస్తే పెనాల్టీ ఉండదు కాబట్టి, బోనస్ వచ్చినప్పుడల్లా కొంత అసలుకు కట్టండి. తొలి ఏళ్లలో కట్టిన లక్షకు విలువ ఎక్కువ.

శంషాబాద్‌కే ప్రత్యేకమైన సంగతులు రెండున్నాయి. ఒకటి, జీవో 111. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కాపాడ్డానికి 1996లో తెచ్చిన ఆంక్షలు 84 గ్రామాలకు వర్తించాయి. శంషాబాద్ మండలంలోని ఊళ్లూ వాటిలో ఉన్నాయి. 2022లో జీవో 69తో షరతులు పెట్టి సడలించారు. ‘అదంతా ఎత్తేశారు సార్’ అంటే నమ్మి అడ్వాన్స్ ఇవ్వొద్దు. సర్వే నంబర్ పట్టుకుని హెచ్ఎండీఏ అనుమతి, రెరా రిజిస్ట్రేషన్, ఈసీ చూసుకోండి. రెండోది, మెట్రో. రాయదుర్గం నుంచి ఎయిర్‌పోర్టు లైన్‌కు 2022 డిసెంబర్‌లో శంకుస్థాపన జరిగింది. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది, ఆ రూటూ పక్కకు పోయింది. రాని రైలుకు ఇప్పుడే టికెట్ కొనడం ఎందుకు?

ఫ్లాట్ కొనాలని నాకూ ఉంది. అందుకే నాలుగు నెలలుగా ఓ పరీక్ష పెట్టుకున్నా. ఇప్పటి అద్దె 18 వేలు. రాబోయే ఈఎంఐ, మెయింటెనెన్స్ కలిపి 58 వేలు అనుకుని, తేడా 40 వేలు ప్రతి నెలా వేరే ఖాతాలో వేస్తున్నా. మూడు నెలలు బాగానే గడిచింది. నాలుగో నెల చెల్లి పెళ్లి షాపింగ్ వచ్చింది, 22 వేలే వేయగలిగా. లోన్ ఉండుంటే బ్యాంకుకు పెళ్లి సంగతి చెప్పలేం కదా! అందుకే నా బడ్జెట్ ఇప్పుడు 80 కాదు, 60 లక్షలు.

మీరూ ఆరు నెలలు ప్రయత్నించండి. నిలబడగలిగితే ధైర్యంగా కొనండి. లేదంటే డౌన్‌పేమెంట్‌లో కొంత అప్పుడే పోగైనట్టే.