గాలి వీచేటప్పుడు నీళ్లుండవు: టీబీ డ్యామ్‌పై తెరచాప ఆశలు

2023 సెప్టెంబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఎబాద్ అలీ విండ్‌సర్ఫింగ్‌లో కాంస్యం తెచ్చాడు. అదే పోటీల్లో భోపాల్ పెద్ద చెరువులో తెరచాప పడవ నేర్చిన నేహా ఠాకూర్‌కు రజతం వచ్చింది. సముద్రం లేని ఊరి నుంచి పతకం వచ్చిందంటే, హోస్పేట, బళ్లారి పిల్లలు టీబీ డ్యామ్ వంక ఆశగా చూడడంలో తప్పేముంది? మా సంఘంలోనూ ఈ మాట వచ్చింది. వద్దనడానికి మాకు మనసు రాలేదు. అలాగని కళ్లు మూసుకుని ఊ అనలేదు కూడా.

పలక మీద నిలబడి, తెరచాపను చేత్తో పట్టుకుని గాలికి సాగే ఆట ఇది. నీళ్లు ఎక్కువున్న చెరువల్లా దీనికి పనికిరాదు. గాలి వచ్చే దిక్కున గుట్టలు, మేడలు, పెద్ద చెట్లు ఉంటే అది ఒక చోట ఆగి, మరో చోట విసురుగా కొడుతుంది. గుర్రపుడెక్క ఉంటే పలక అడుగున ఉండే రెక్కకు చుట్టుకుంటుంది.

ఈ లెక్కన టీబీ డ్యామ్ బాగానే కనిపిస్తుంది. నైరుతి గాలి విశాలమైన నీటి మీదుగా అడ్డు లేకుండా వస్తుంది. గదగ్, చిత్రదుర్గ వైపు గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా! చిక్కల్లా కాలంతోనే. జూన్‌లో గాలి జోరుగా ఉన్నప్పుడు జలాశయం అడుగంటి ఉంటుంది. ఒడ్డు నుంచి నీటిదాకా బురదే. వర్షాలు బాగా పడిన ఏడాది ఆగస్టుకు నిండుతుంది. అక్టోబరు దాటాక నీళ్లున్నా గాలి తగ్గిపోతుంది. పూడిక వల్ల నిల్వ కూడా సుమారు 133 టీఎంసీల నుంచి 105కు పడిపోయింది. కాబట్టి చేతికందేది ఏడాదికి కొన్ని వారాలే.

ఆ వారాల్లోనూ అసలు భయం ఒకటుంది. నైరుతి గాలి, నేర్చుకునేవాణ్ని తోసేది ఆనకట్ట వైపే. అక్కడ 33 గేట్లున్నాయి. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయిన సంగతి మనమెవరం మరచిపోలేదు. అందుకే నేర్పే చోటు ఆనకట్టకు చాలా దూరంగా, పైభాగంలో ఉండాలి. అక్కడ జాలర్ల వలలుంటాయి. వాళ్లను అడగకుండా బోయలు పాతితే రెండో రోజే తగవు వస్తుంది, న్యాయం కూడా వాళ్ల వైపే ఉంటుంది.

హైదరాబాదు హుస్సేన్ సాగర్‌ను చూడండి. నీటి వాసన సంగతి చెప్పనక్కర్లేదు. అయినా జూలై గాలుల్లో అక్కడ పోటీలు జరుగుతున్నాయి, పేదిళ్ల పిల్లలూ పడవ నడుపుతున్నారు. పిల్లల వెనకే మోటారు పడవ తిరుగుతుంది, ప్రతి ఒంటి మీదా లైఫ్ జాకెట్ ఉంటుంది. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన ప్రమాదం తరవాత ఏ తల్లీ ఇంతకన్నా తక్కువకు ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు.

కొందరు ముందు పలకలు కొందామంటున్నారు. మేము ముందు మోటారు పడవ అంటున్నాం. దానికీ ముందు ఒక రిజిస్టరు. డ్యామ్ నీటిమట్టం రోజూ పేపర్లో వస్తుంది. ఉదయం, మధ్యాహ్నం గాలి ఎటు నుంచి ఎంత వీచిందో దాని పక్కనే రాసుకుంటే చాలు. ఒక ఏడాది రాస్తే ఎన్ని రోజులు పనికొస్తాయో తేలిపోతుంది. ఆ అంకెలు చేతిలో పెట్టుకుని వెళ్తేనే బోర్డు వారు మన అర్జీ చదువుతారు. రిజిస్టర్లు రాయడం మాకు కొత్తేమీ కాదు.