ఆటలూ లెక్కలూ: సింహానికి దారి

పిల్లలూ, ముక్కలతో యుద్ధం చేసే ఆట ఒకటి వున్నది. దాని పేరు "మాజిక్: ది గాదరింగ్". రిచర్డ్ గార్ఫీల్డ్ అనే అమెరికా గణితశాస్త్రజ్ఞుడు దాన్ని తయారుచేశాడు. 1993లో అది బయటికి వచ్చింది. మామూలు పేకలో అందరికీ కలిపి ఒకే కట్ట. ఇందులో యెవరి కట్ట వారే కూర్చుకోవాలి. కట్టలో కనీసం 60 ముక్కలుండాలి. మామూలు భూమి ముక్కలు తప్ప, ఒకే పేరుగల ముక్కలు నాలుగుకు మించరాదు. ఆట మొదట్లో ఇద్దరికీ చెరి 20 ప్రాణాలు. ఎదుటివాడి ప్రాణాలు సున్న చేస్తే గెలుపు మీదే.

భూములు శక్తినిస్తాయి. ఆ శక్తి ఖర్చుపెట్టి మిగతా ముక్కలు వెయ్యాలి.

మీ దగ్గర "సవానా లయన్స్" అనే సింహం ముక్క వున్నదనుకోండి. దానికి ఒక్క శక్తి చాలు. మొదటి వంతులోనే దించితే, రెండో వంతు నుంచి పోయి కరుస్తుంది. కాటుకు 2 ప్రాణాలు. అంటే పది కాట్లతో ఆట ముగియాలి. కాని ఎదుటివాడు చూస్తూ వూరుకుంటాడా? అయిదు శక్తులు పోగుచేసి "సెర్రా ఏంజెల్" అనే దేవదూతను దించుతాడు. దాని బలం 4, తట్టుకునే శక్తి కూడా 4. మీ మీదికి దాడికి వచ్చి కూడా తిరిగి కాపలా కాస్తుంది. ఇక సింహం అడుగు ముందుకు వెయ్యలేదు.

అందుకే ఎదుటి జీవులను తొలగించే ముక్కలు కావాలి. "లైట్నింగ్ బోల్ట్" ఒక పిడుగు. 3 దెబ్బ కొడుతుంది, కనక దేవదూత చావదు. "స్వోర్డ్స్ టు ప్లౌషేర్స్" ఎంతటిదాన్నయినా ఆటలోంచి పంపేస్తుంది. కాని ఆ జీవి బలమెంతో అన్ని ప్రాణాలు ఎదుటివాడికి వస్తాయి! దేవదూత పోతే వాడికి 4 కలిశాయి. సింహం రెండు కాట్లు వృథా. అయినా సరే, దారి తెరుచుకున్నది గదా! చిన్న జీవులకు మాత్రం ఈ ముక్క వాడకండి, పిడుగు చాలు. పిడుగును మనిషి మీద కూడా వెయ్యవచ్చు. వాడికి మూడే ప్రాణాలు మిగిలివుంటే దేవదూత జోలికి పోనవసరం లేదు.

నేను మొదట కూర్చిన కట్టలో తొలగించేవి 24, జీవులు 14, భూములు 22. మా మేనల్లుడు దించిన ప్రతి జీవినీ తొలగించాను. చాలా సంతోషించాను కూడా. తీరా నా ముక్కలయిపోయాయి, వాడు ఇంకో జీవిని దించాడు. వాడి 20 ప్రాణాలూ చెక్కు చెదరలేదు. కరవటానికి నాకు సింహమంటూ వుంటేగా!

తరవాత లెక్క వేశాను. మొదట చేతికి వచ్చేవి 7 ముక్కలు. కట్టలో 14 జీవులుంటే, సుమారు 7 ఆటల్లో ఒకసారి చేతికి ఒక్క జీవి కూడా రాదు. ఆ సంఖ్యలు తారుమారు చేసి జీవులను 24, తొలగించేవాటిని 14 చేస్తే, అట్లా జరిగేది 46 ఆటల్లో ఒక్కసారి!

ఈ ముక్కలు మూసిన పాకెట్లలో అమ్ముతారు. లోపల యేమున్నదో విప్పితేగాని తెలియదు. కావలసినవి విడిగా కొనటం మేలని పెద్దలకు నా సలహా. అదీ యీ పరీక్ష చేశాకనే. 60 కాగితం ముక్కలు కత్తిరించి, పద్నాలుగింటి మీద సింహం గుర్తు పెట్టండి. బాగా కలిపి ఏడు తియ్యండి, రాసుకోండి, మళ్ళీ కలపండి. యాభైసార్లు తీస్తే సింహం లేని చేతులు ఏడు దాకా రావచ్చు. తరవాత గుర్తులు 24కు పెంచి మళ్ళీ చూడండి. అటువంటి చేయి ఒకటి వస్తుంది. ఒక్కొక్కప్పుడు అదీ రాదు.