గాయపడ్డ విద్యార్థిని అడిగేది దయ కాదు

పరీక్షలు దగ్గరపడితే కాలేజీ ఆఫీసుల ముందు మెడికల్ సర్టిఫికెట్లు పట్టుకుని విద్యార్థులు నిలబడటం మామూలే. వారిలో జ్వరం వచ్చి రెండు వారాలు మానేసినవారుంటారు, ప్రమాదంలో కాలు విరిగి నెలల తరబడి మంచాన పడినవారూ ఉంటారు. మన నిబంధనలు వీరిలో ఎవరిని ఆదుకుంటున్నాయి?

జె.ఎన్.టి.యు. హైదరాబాద్ ఇంజనీరింగ్ నిబంధనల ప్రకారం 75 శాతం హాజరుండాలి. అనారోగ్యం కారణంగా 65 శాతం వరకు తగ్గితే రుసుము కట్టించుకుని మన్నిస్తారు. అంతకన్నా తగ్గితే ఏ కారణమూ చెల్లదు, డిటైన్ చేస్తారు. సెమిస్టరుకు 90 పనిదినాలనుకుంటే మినహాయింపు దొరికేది 31 రోజులకే. తొడ ఎముక విరిగితే అతుక్కోవడానికే మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. అంటే దెబ్బ చిన్నదైతే నిబంధన కనికరిస్తుంది, పెద్దదైతే శిక్షిస్తుంది.

చట్టమైనా అండగా ఉందా? 2016 వికలాంగుల హక్కుల చట్టం యాసిడ్ దాడి బాధితులను గుర్తించింది. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి వంటి సదుపాయాలను హక్కుగా చెప్పింది. కానీ ఆ చట్టం దీర్ఘకాలిక వైకల్యానికే వర్తిస్తుంది. ఆరు నెలల్లో మానిపోయే గాయానికి అందులో చోటు లేదు. అక్కడ విద్యార్థి భవిష్యత్తు ప్రిన్సిపాలు దయ మీదే ఆధారపడుతుంది.

ఏడాది పోవడం అబ్బాయికి నష్టం. చాలామంది అమ్మాయిలకు అది చదువుకే ముగింపు. 'ఇక చాల్లే' అన్న మాట, దాని వెనకే పెళ్లి సంబంధం సిద్ధంగా ఉంటాయి. పైగా ఆడపిల్ల గాయాలన్నీ ప్రమాదాలు కావు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ పోశారు, ఒకరు చనిపోయారు. అలాంటి దాడి నుంచి బతికి బయటపడిన అమ్మాయిని హాజరు పట్టిక బయటికి నెడితే, దాడి చేసినవాడు మొదలుపెట్టిన పనిని కాలేజీ పూర్తిచేసినట్లే.

సడలిస్తే ప్రమాణాలు పడిపోతాయంటారు. ఆమె మార్కులు అడగడం లేదు, సమయం అడుగుతోంది. మార్చాలనుకుంటే నిబంధనలు మారతాయి కూడా. 2021 డిసెంబరులో విద్యార్థినులకు ప్రసూతి సెలవు, హాజరు సడలింపు ఇచ్చేలా నిబంధనలు చేసుకోమని యు.జి.సి. విశ్వవిద్యాలయాలను కోరింది.

కనుక మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. చికిత్స రోజులను పనిదినాల లెక్క నుంచే తీసివేయాలి. తప్పిపోయిన ల్యాబులు, ఇంటర్నల్ పరీక్షలు కోలుకున్నాక పెట్టాలి. చేతికి దెబ్బ తగిలితే రాసిపెట్టే మనిషిని వెంటనే అనుమతించాలి. గాయం ఎలా అయిందని ఆఫీసు కౌంటరు దగ్గర నలుగురిలో అడగకూడదు. హింసకు గురైన అమ్మాయి తరఫున పోలీసు స్టేషనుకూ, ఆసుపత్రికీ వెళ్తున్న మన సంఘాలు ఇకపై ఆమె కాలేజీకి కూడా వెళ్లాలి.