చౌక బేరము – చోర సొత్తు

దొంగతనము తప్పని ఒప్పుకొనని వారు లోకమున అరుదు. పరుల సొత్తును ముట్టరాదని తల్లులు బిడ్డలకు పసితనముననే నేర్పుదురు. కాని దొంగ తెచ్చిన వస్తువును వెలయిచ్చి కొనవచ్చునా యని అడిగినచో, అంత నిశ్చయముగా బదులు చెప్పువారు తక్కువ. "నేను దొంగిలించలేదు గదా! నా డబ్బిచ్చి కొన్నాను" అని పలువురు తమకు తామే సమాధానము చెప్పుకొందురు. చేతిలో పైకము చాలని దినములలో ఈ సమాధానము మరింత తీయగా వినబడును. అది ఎంతవరకు నిలుచునో విచారింతము.

ఇందుకు మంచిర్యాల జిల్లాలోని నస్పూర్ ప్రాంతమునే ఉదాహరణముగా గ్రహింపవచ్చును. శ్రీరాంపూర్ బొగ్గుగనుల ప్రక్కన పెరిగిన ఊరిది. ఇక్కడ ప్రొద్దు గడియారమును బట్టిగాక షిఫ్టులను బట్టి గడచును. ఒకే వీధిలో సింగరేణి సంస్థ శాశ్వత కార్మికుడు, అదే గనికి పోవు కాంట్రాక్టు కార్మికుడు, ఆటో నడుపువాడు, కూరగాయలమ్ము స్త్రీ కాపురముండుట కలదు. అందరికిని బజారు ఒక్కటే. అందరి జీతములు ఒక్కటి కావు. ఇంటి అద్దె, పిల్లల చదువు, చీటీ వాయిదా, ముసలివారి మందులు చెల్లించునప్పటికి తక్కువ కూలి గలవాని చేయి నెల సగముననే ఖాళీ యగును.

అట్టి దినములలో టీ బంకు వద్ద ఒకడు దగ్గరకు వచ్చి, "అన్నా, పదిహేనువేల ఫోను, మూడువేలకే ఇస్తా. బిల్లు మాత్రం అడగకు" అనును. ఇంటిలో కాలేజీకి పోవు కుమారుడు ఫోను కొరకు ఎదురుచూచుచుండును. మరియొక దినమున కాగితములు లేని మోటారు సైకిలు, ఇంకొక దినమున నీటి మోటారు అట్లే అగ్గువకు వచ్చును. "కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి" యన్న సామెత పేదవాని బ్రతుకునకు తగినట్టిది. జీవితమంతయు హెచ్చు వెల చెల్లించినవానికి ఒక్కనాడు తక్కువ వెల కనబడినచో మనస్సు చలించుట సహజము. ఆ చలించుటను చూచి నవ్వుట తగదు. కాని చలించిన మనస్సు చెప్పు సాకులను మాత్రము ఒక్కొక్కటిగా పరీక్షింపవలెను.

మొదటి సాకు: "పోగొట్టుకొన్నవాడు కలిగినవాడే అయి యుండును, వానికి ఇదొక లెక్కయా?" దొంగ సాధారణముగ కాపలా లేని చోటు వెదకును. కలవాని ఇంటికి గోడలు, కుక్కలు, కెమెరాలు ఉండును. రైలులో నిద్రించు కూలివాని జేబునకు ఏ కాపలా ఉండును? పొలముగట్టున మోటారును విడిచి ఇంటికి పోవు రైతు తీగను ఎవరు కాయుదురు? తెలంగాణమున వ్యవసాయపు మోటారుల తీగలు, ట్రాన్స్‌ఫార్మరులలోని రాగి దొంగల పాలగుట తరచుగా వినబడు సంగతి. ఆ రాగి తూకమున కొన్నివందలో కొన్నివేలో పలుకును. కాని దాని మూలమున నీరందక ఎండిన వరిపొలము వెల అందుకు ఎన్నో రెట్లు. ఫోనును గూర్చియు ఇట్లే చెప్పవచ్చును. ఈనాడు కూలివాని బ్యాంకు లెక్క, బంధువుల సంఖ్యలు, గతించిన తండ్రి ఛాయాచిత్రము అన్నియు దానిలోనే ఉండును. కావున కొనువానికి తగ్గిన పన్నెండువేల రూపాయలు ఎక్కడికిని మాయము కాలేదు. వేరొకడు వానిని చెల్లించినాడు. అతడు పెక్కుసార్లు కొన్నవాని వంటి పేదవాడే.

రెండవ సాకు బొగ్గుగనుల ప్రాంతమునకు ప్రత్యేకమైనది: "ఇది ఎవరి సొమ్మును కాదు, కంపెనీ సొమ్ము." గనులనుండి రాగి కేబులు, ఇనుప సామాను దొంగిలించి తుక్కు దుకాణములకు అమ్ముట ఈ ప్రాంతమున పాత రోగము. కంపెనీ సొమ్మనగా ఎవరిది? సింగరేణి కాలరీస్ సంస్థలో రాష్ట్ర ప్రభుత్వమునకు 51 శాతము, కేంద్ర ప్రభుత్వమునకు 49 శాతము వాటా కలదు. అనగా అది ప్రజల ఆస్తి. అంతకన్న దగ్గరి లెక్క యొకటి కలదు. ఈ సంస్థ లాభములలో కొంత భాగమును కార్మికులకు పంచుట ఆచారము. 2023–24 సంవత్సరపు లాభములనుండి 796 కోట్ల రూపాయలు అట్లు పంచుటకు నిర్ణయమయ్యెను. కాంట్రాక్టు కార్మికులకు గూడ మొదటిసారిగా తలకు 5,000 రూపాయలు ప్రకటింపబడెను. పోయిన కేబులునకు బదులు క్రొత్త కేబులు కొనవలసిన సొమ్ము ఆ లాభమునుండియే తరుగును. కార్మికుని ఇంటివారే ఆ రాగిని కొన్నచో తమ పంటను తామే దొంగకమ్మిన వారగుదురు.

ధనమును మించిన మాట మరియొకటి. భూగర్భ గనిలో ఆ కేబులు వట్టి లోహము కాదు. ఊరిన నీటిని పైకి తోడు పంపులును, టబ్బులను లాగు హాలేజీ యంత్రములును దాని మూలముననే పనిచేయును. కేబులు తెగినచో పంపు ఆగును. పంపు ఆగినచో నీరు నిలుచును. గనిలో నీరు ఎంతటి శత్రువో ఈ ప్రాంతపు ప్రజలకు చెప్పనక్కర లేదు. 2003 జూన్ 16వ తేదీన, గోదావరి కావలి యొడ్డుననున్న గోదావరిఖనిలో 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చుకొనివచ్చి 17 మంది కార్మికులు మరణించిరి. ఆ ప్రమాదమునకును దొంగతనమునకును సంబంధము లేదు. కాని నీటిని తోడు యంత్రమును ఆపుట ఆటకాదని గ్రహించుటకు ఆ దినమును తలచుకొన్న చాలును. తుక్కు దుకాణమున తరాజు మీద పడిన రాగికి కిలోల లెక్క ఉండును. గనిలోని మనుష్యుల ప్రాణములకు అట్టి లెక్క లేదు.

మూడవ సాకు: "నేను కొనకున్న మరియొకడు కొనును." ఇది అన్నిటికన్న బలమైనదిగా తోచును, నిజమునకు అన్నిటికన్న దుర్బలము. దొంగ రాగిని తినలేడు. పది ఫోనులను ఒక్క చెవికి పెట్టుకొనలేడు. అతనికి కావలసినది రూపాయి. ఆ రూపాయి కొనువాని జేబునుండి వచ్చును. కావున కొనువాడు దొంగతనము ముగిసిన పిదప వచ్చిన కొత్తవాడు కాడు. దొంగ ఇల్లు విడిచి బయలుదేరినది అతనిని నమ్ముకొనియే. లండను నగరమున జోనథన్ వైల్డ్ అనువాడు తన చేతితో దొంగిలింపకయే దొంగల కూటమిని నడిపెను. దొంగిలించిన వస్తువులను చేరదీసి, వెదకి పెట్టినట్లు నటించి, సొంతదారులకే తిరిగి యిచ్చి ధనము గైకొనెను. 1725లో అతనిని ఉరితీసిరి. చేరదీయువాడొకడు ఉన్నంతకాలము దొంగలకు కొదువ లేదని ఆ నగరము నేర్చుకొనెను. "తిలాపాపము తలా పిడికెడు" అని మనవారందురు. పదిమంది పంచుకొన్నంత మాత్రమున ఎవరి పిడికెడును ఖాళీ కాదు.

నాల్గవ సాకు: "అది దొంగసొత్తని నాకు తెలియదు." నిజముగా తెలియనివానికి దోషము లేదు. కాని తెలియకపోవుట వేరు, తెలిసికొన నొల్లకపోవుట వేరు. ఈ భేదమును మన ప్రాచీనులు చక్కగా కనిపెట్టిరి. తనది కాని వస్తువును అమ్ముటకు "అస్వామి విక్రయము" అని పేరు పెట్టి, యాజ్ఞవల్క్య స్మృతియందు దానిని గూర్చి నియమములు చెప్పిరి. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర యను వ్యాఖ్యానమును ఆధారము చేసికొని పదమూడవ శతాబ్దమున కేతన తెలుగున "విజ్ఞానేశ్వరము" రచించెను. అమ్మువానికి అట్టి వస్తువు కలిగియుండు స్తోమత లేకుండుట, చాటున అమ్ముట, వెల మిక్కిలి తక్కువగుట, వేళగాని వేళ తెచ్చుట – ఈ గుర్తులుండగా కొన్నవానిని గూడ దొంగగా ఎంచవలెనని ఆ స్మృతి చెప్పుచున్నది. అమ్మినవానిని చూపగలిగిన కొనుగోలుదారు నిర్దోషి యగును. వస్తువు సొంతదారునకు, చెల్లించిన వెల కొనుగోలుదారునకు చేరును. టీ బంకు వద్ద మూడువేలకు వచ్చిన ఫోనునకు ఈ నాలుగు గుర్తులలో ఎన్ని సరిపోవునో చదువరులే లెక్కింపవచ్చును.

నేటి శాసనమును ఇదే త్రోవ నడచుచున్నది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను ప్రకారము, దొంగసొత్తని తెలిసియో, అట్లు నమ్ముటకు తగిన కారణముండియో దురుద్దేశముతో గైకొన్నవానికి మూడేండ్ల వరకు జైలు శిక్షగాని, జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. 1860 నాటి శిక్షాస్మృతిలోను ఇట్టి నియమమే ఉండెను. "తగిన కారణము" అను మాటను గమనింపుడు. కన్నులు మూసికొన్నవాడు చీకటిని సాక్ష్యముగా చూపలేడు. అదియుగాక, 1930 నాటి వస్తు విక్రయ చట్టము ప్రకారము, సాధారణముగ అమ్మువానికి లేని హక్కు కొనువానికి రాదు. ఎంత వెల యిచ్చినను దొంగసొత్తు సొంతదారునిదే. ఫోనుల విషయమున ఇది మరింత స్పష్టము. ప్రతి ఫోనునకును పదిహేనంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య ఉండును. 2023 మే నెల నుండి, పోయిన ఫోనును దేశమంతట పనిచేయకుండ ఆపుటకును, ఆచూకి తీయుటకును ప్రభుత్వపు ఏర్పాటు అమలులోనున్నది. కొన్నవాడు తన సిమ్ము వేసిన పిదప పోలీసులు ఇంటికి వచ్చినచో ఫోనును పోవును, మూడువేలును పోవును, ఇరుగుపొరుగు వారిలో మాటయు పోవును. పేదవానికి ఆ మూడవదియే పెద్ద నష్టము.

ఇక అన్నిటికన్న కఠినమైన ప్రశ్న మిగిలియున్నది. కడుపు కాలువానికి ధర్మోపదేశము చేయుట న్యాయమా? మహాభారతము శాంతిపర్వమున ఆపద్ధర్మమును చెప్పు కథ యొకటి కలదు. ఘోరమైన క్షామమున ప్రాణము పోవుచుండగా విశ్వామిత్రుడు ఒక చండాలుని ఇంటినుండి కుక్క మాంసమును గ్రహింప బూనెను. ప్రాణము నిలుపుకొనుటకు ధర్మము కొంత సడలునని ఆ కథ తాత్పర్యము. ఆకలితో రొట్టె తీసిన బాలుని మీద రాయి విసరువారిని మనము మెచ్చము. కాని ఆపద్ధర్మమునకు హద్దు కలదు. ఆపద తీరినచోటనే అది ఆగును. ఫోను అవసరమే, మోటారు సైకిలు అవసరమే. అవి లేనంత మాత్రమున నేడు ప్రాణము పోదు. పేదరికము తప్పు యొక్క బరువును తగ్గింపవచ్చును. సొంతదారుని నష్టమును తగ్గింపలేదు. ఇక కడుపు నిండియు లాభమునకై ఇట్టి సొత్తును కొనువారును, చిన్నపిల్లలు తెచ్చిన రాగిని ప్రశ్నింపక తూచు వ్యాపారులును పేదవానికన్న ఎక్కువ దోషులు. దొంగసొత్తు వ్యాపారమునే అలవాటుగా చేయువానికి చట్టము యావజ్జీవ శిక్షను గూడ చెప్పుచున్నది. శ్రమకు తగిన కూలిని వేళకు ఇయ్యని యజమానులకు గూడ ఈ పాపమున ఒక పిడికెడు చెందును.

అట్లయిన చేతిలో పైకము లేనివాడు ఏమి చేయవలెను? పాత వస్తువును కొనుట తప్పు కాదు, అది వివేకము. తెలిసిన దుకాణమున, బిల్లు గైకొని, పగటివేళ, పదిమంది ఎదుట కొనవలెను. ఫోనులో *#06# నొక్కినచో వచ్చు సంఖ్యను బిల్లులోని సంఖ్యతో పోల్చుకొనవలెను. మోటారు సైకిలునకు ఆర్.సి. పుస్తకమును, అమ్మువాని పేరును సరిచూడవలెను. కొంత తడవు ఓర్చి మహిళాసంఘపు అప్పుతోనో, చీటీ పాడుకొనియో కొన్న చిన్న వస్తువు, భయముతో దాచుకొన్న పెద్ద వస్తువుకన్న మేలు. తెలియక కొన్న పిదప అనుమానము కలిగినచో, పెద్దలతో పోలీసు స్టేషనుకు పోయి ఉన్నమాట చెప్పుట ఉత్తమము.

విద్యార్థులారా! ఈ పరీక్ష మీకు పెద్దవారైన పిదప రాదు. మీ తరగతి గదిలోనే వచ్చును. ఒకడు క్రొత్త కంపాసు పెట్టెను పది రూపాయలకు అమ్మజూపినపుడు, "ఇది నీకెక్కడిది?" అని అడుగుడు. ఆ చిన్న ప్రశ్నకు తలవంచని జవాబు వచ్చినచో కొనుడు, రానిచో విడువుడు. "నాన్నా, ఎట్లైనా ఫోను కొనిపెట్టు" అని ఇంటిలో పట్టుపట్టునపుడు, ఆ "ఎట్లైనా" అను మాట తండ్రిని ఏ బంకు వద్దకు నడిపించునో ఆలోచింపుడు. దొంగను పట్టుట పోలీసుల పని. దొంగకు బేరము లేకుండ చేయుట మనపని. అందుకు లాఠీ అక్కరలేదు, ఒక్క ప్రశ్న చాలును.