మెగా క్యాంపు కన్నా నెలకో ఆదివారం మేలు

మన కాలనీల్లో, అపార్ట్‌మెంట్లలో ఏడాది పొడవునా ఏదో ఒక సందడి ఉంటుంది. సంక్రాంతికి ముగ్గుల పోటీలు, చవితికి వినాయకుడి మండపం, దసరాకు బతుకమ్మ లేదా బొమ్మల కొలువు, కార్తికంలో వనభోజనాలు. ఈ వరుసలో కొన్నేళ్లుగా చేరిన మరో కార్యక్రమం ‘ఉచిత మెగా హెల్త్ క్యాంపు’. షామియానా, ఫ్లెక్సీ, రిబ్బన్ కటింగ్. ఒక బల్ల దగ్గర బీపీ, ఇంకో బల్ల దగ్గర షుగర్, పక్కన ఈసీజీ. మధ్యాహ్నం భోజనాల వేళకు ‘ఇంతమందికి పరీక్షలు చేశాం’ అంటూ వాట్సాప్ గ్రూప్‌లో ఫొటోలు.

పరీక్షలు చేయించడం మంచి పనే. అసోసియేషన్ పెద్దల ఉద్దేశాన్ని తప్పుపట్టడం లేదు. కానీ ఆ రోజు బీపీ ఎక్కువగా ఉందని తేలినవాళ్లు ఆరు నెలల తర్వాత ఎలా ఉన్నారు? ఈ ప్రశ్న ఎవరూ అడగరు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు లేకపోతే మిగతా సందడి వల్ల ఒరిగేది తక్కువ. అందుకే నా సూచన ఇది: ఏడాదికోసారి పెట్టే పెద్ద క్యాంపు బదులు, నెలకో ఆదివారం ఉదయం రెండు గంటలు కేటాయించండి.

చీటీ దగ్గరే ఆగిపోతోంది

పక్షవాతంతో ఎవరినైనా మా ప్రభుత్వాసుపత్రికి తీసుకొస్తే ఇంట్లోవాళ్లను మేం అడిగే మొదటి ప్రశ్నల్లో ‘బీపీ ఉందా?’ అన్నది ఒకటి. తరచూ వినిపించే జవాబులు రెండు. ‘పోయినేడాది క్యాంపులో ఉందన్నారండీ, తర్వాత చూపించుకోలేదు’ అన్నది మొదటిది. ‘కొన్నాళ్లు మాత్రలు వేసుకున్నారు, తగ్గిందని మానేశారు’ అన్నది రెండోది. అంటే జబ్బు సంగతి తెలియక కాదు, తెలిశాక ఏం చేయాలో గుర్తుచేసేవాళ్లు లేక ఇంతవరకు వచ్చింది.

బీపీతో వచ్చే చిక్కు అదే. చాలామందిలో అది ఏ బాధా పెట్టదు. తల తిరగదు, నొప్పి ఉండదు. ‘నాకేం లేదు, బాగానే ఉన్నాను కదా’ అనిపిస్తుంది. ‘బీపీ మాత్ర ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వాడాలట’ అన్న భయం దీనికి తోడవుతుంది. దాంతో క్యాంపులో ఇచ్చిన చీటీ పర్సులోనే ఉండిపోతుంది. ఈలోగా గుండె, మెదడు, మూత్రపిండాలు, కళ్లు నెమ్మదిగా దెబ్బతింటూ ఉంటాయి.

ఇది కొద్దిమంది సమస్య కాదు. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా జరిపిన ఇండియాబ్ అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10.1 కోట్ల మంది. ఇరవై ఏళ్లు దాటినవారిలో అధిక రక్తపోటు ఉన్నవారు 35.5 శాతం. మీ అపార్ట్‌మెంట్‌లో 250 మంది పెద్దలుంటే, ఆ లెక్కన దాదాపు 90 మందికి బీపీ ఉండవచ్చు. మీ అంతస్తులో, మీ ఇంట్లో కూడా ఉండవచ్చు.

ఒక్క రీడింగ్ ఏం చెబుతుంది?

ఒక్కసారి చూసిన బీపీతో జబ్బు ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. కొలిచే ముందు ఐదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చోవాలి. అంతకు ముందు అరగంట కాఫీ, టీ, సిగరెట్ ముట్టకూడదు. మూత్రం ఆపుకొని కూర్చోకూడదు. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేలను తాకాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. చేతికి చుట్టే పట్టీ చొక్కా మీద కాకుండా ఒంటికే చుట్టాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. కొలుస్తున్నంతసేపూ మాట్లాడకూడదు.

ఇప్పుడు క్యాంపును గుర్తు చేసుకోండి. మెట్లు దిగి వచ్చి, క్యూలో నిలబడి, పక్కవాళ్లతో మాట్లాడుతూనే చెయ్యి చాపుతాం. అందులో వచ్చిన అంకె చూసి కొందరు అనవసరంగా భయపడతారు, ఇంకొందరు అనవసరంగా ధీమాగా ఉంటారు. వేర్వేరు రోజుల్లో సరిగ్గా కొలిచినప్పుడు పై అంకె 140 గానీ, కింది అంకె 90 గానీ, అంతకన్నా ఎక్కువగానీ ఉంటే బీపీ ఉన్నట్టు వైద్యులు నిర్ధారిస్తారు.

షుగర్ విషయమూ అంతే. టిఫిన్ తిన్నాక ఏదో ఒక వేళ వేలు గుచ్చి చూస్తే 130 వచ్చిందని ‘నాకు షుగర్ లేదు’ అనుకోవడం తొందరపాటు. పరగడుపున 126 లేదా అంతకన్నా ఎక్కువ, లేదంటే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే మధుమేహంగా భావిస్తాం. లక్షణాలేవీ లేనివారికి మరోసారి పరీక్ష చేసి ఖాయం చేసుకుంటాం. ఇదంతా ఒక్క ఆదివారంలో తేలే వ్యవహారం కాదు.

సెలూన్ నేర్పిన పాఠం

అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో నల్లజాతి పురుషులు తరచూ వెళ్లే 52 సెలూన్లలో ఒక ప్రయోగం చేశారు. బీపీ అదుపులో లేని 319 మందిని ఎంచుకున్నారు. కొన్ని సెలూన్లలో క్షురకులు బీపీ గురించి చెప్పి, డాక్టర్ దగ్గరికి వెళ్లమని ప్రోత్సహించారు. మిగతా సెలూన్లకు శిక్షణ పొందిన ఫార్మసిస్టులే వచ్చి, వైద్యులతో చేసుకున్న ఒప్పందం ప్రకారం అక్కడే మందులు మొదలుపెట్టి, మళ్లీ మళ్లీ బీపీ చూశారు. ఆరు నెలలకు మొదటి రకం సెలూన్లలో పై బీపీ సగటున 9 పాయింట్లు తగ్గితే, రెండో రకంలో 27 పాయింట్లు తగ్గింది. ఈ ఫలితాలు 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి.

అంత దూరం ఎందుకంటే, మన పొరుగునే ఇంకో ఉదాహరణ ఉంది. బంగ్లాదేశ్, పాకిస్థాన్, శ్రీలంక గ్రామాల్లో బీపీ ఉన్న 2,645 మందిపై జరిగిన అధ్యయనం 2020లో అదే పత్రికలో ప్రచురితమైంది. ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి బీపీ చూస్తూ, సలహాలిస్తూ, అవసరమైనవారిని డాక్టర్ దగ్గరికి పంపిన చోట రెండేళ్లకు పై బీపీ మిగతావారికన్నా సుమారు 5 పాయింట్లు ఎక్కువగా తగ్గింది.

రెండింటి నుంచీ మనం నేర్చుకోవాల్సింది ఒకటే. మనుషులు ఎలాగూ కలిసే చోట, తెలిసినవాళ్ల మధ్య, పదే పదే చూడాలి. చూసి ఊరుకోకుండా వైద్యానికి కలపాలి. మన దేశంలో 2017లో మొదలైన అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమం కూడా ఈ బాటలోదే. తొలి విడతలో తెలంగాణ జిల్లాలూ ఉన్నాయి. మందులు క్రమంగా అందేలా చూడటం, రావాల్సిన రోజున రానివారిని గుర్తించి మళ్లీ రప్పించడం అందులో ముఖ్యమైన భాగాలు. ఆ రెండో పనిలో కాలనీవాసులు చేయగలిగినంత సాయం ఆసుపత్రి ఒంటరిగా చేయలేదు.

నెలకో ఆదివారం ఎలా?

నెలలో మొదటి ఆదివారం ఉదయం ఏడు నుంచి తొమ్మిది వరకు కమ్యూనిటీ హాలు తెరిచి ఉంచండి. మోచేతి పైభాగాన పట్టీ చుట్టి చూసే డిజిటల్ బీపీ మెషిన్లు రెండు, మామూలు సైజు, పెద్ద సైజు పట్టీలు, ఒక బరువు తూచే యంత్రం, ఒక కొలత టేపు చాలు. మణికట్టుకు పెట్టే మెషిన్లు వద్దు. క్యాంపు షామియానా, ఫ్లెక్సీలకు పెట్టే డబ్బుతోనే ఇవి వచ్చేయవచ్చు.

కొలవడానికి డాక్టరే అక్కర్లేదు. కాలనీలో ఒక నర్సో, ఫార్మసిస్టో ఉంటే వాళ్ల దగ్గర నలుగురు నేర్చుకోవచ్చు. రిటైరైన టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, కాలేజీ పిల్లలు చక్కగా చేస్తారు. ప్రతి ఒక్కరికీ ఒక చిన్న పుస్తకం ఇవ్వండి. తేదీ, బీపీ, బరువు, నడుము చుట్టుకొలత, వాడుతున్న మాత్రల పేర్లు అందులో రాయాలి. మనవాళ్లలో నడుము మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

వరుసగా రెండు రోజులు 140/90 దాటినవారిని దగ్గర్లోని డాక్టర్ దగ్గరికి పంపండి. తెలంగాణలో బస్తీ దవాఖానాలు, ఏపీలో పట్టణ ఆరోగ్య కేంద్రాలు ఉన్నాయి. బీపీ, షుగర్ మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. పై అంకె 180, లేదా కింది అంకె 110 దాటితే ఐదు నిమిషాలాగి మళ్లీ చూసి, అప్పటికీ తగ్గకపోతే అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. మూతి వంకర పోవడం, చెయ్యి, కాలు పట్టు తప్పడం, మాట తడబడటం, ఛాతీలో నొప్పి, ఆయాసం ఉంటే ఇంకేమీ చూడకుండా 108కి ఫోన్ చేయండి. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన పని తర్వాతి నెలలో ఉంటుంది. రానివాళ్లకు ఎవరో ఒకరు ఫోన్ చేయాలి. ‘బాబాయ్‌గారూ, ఈ నెల రాలేదేం? మాత్రలున్నాయా?’ అన్న ఆ ఒక్క మాటకు చాలా విలువ ఉంది. కొడుకు డాలస్‌లో, కూతురు బెంగళూరులో ఉండి, ఇక్కడ ఇద్దరే మిగిలిన పెద్దవాళ్లు మన కాలనీల్లో ఎందరో. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారనీ, అది ప్రాణాల మీదకు తెస్తుందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో నివేదిక ఇచ్చింది. బీపీ చూసుకునే వంకతో నలుగురూ కలిసి అరగంట నడిచి, కబుర్లు చెప్పుకుని వెళ్తే అది కూడా వైద్యమే.

వాచ్‌మన్‌నూ పిలవండి

క్యాంపు బల్లలు వేసేది వాచ్‌మన్, తీసేది వాచ్‌మన్. చాలాచోట్ల పరీక్షల జాబితాలో మాత్రం అతని పేరు ఉండదు. రాత్రిళ్లు నిద్ర లేని కాపలా, రోజుకు నాలుగైదు ఇళ్లలో పని, గంటల తరబడి డ్రైవింగ్. వీళ్లు ఆసుపత్రికి వెళ్లాలంటే ఒక రోజు కూలి పోతుంది. జబ్బు ముదిరాకే మా దగ్గరికి వస్తారు. ఫ్లాట్ ఓనర్లకు ఇచ్చే పుస్తకమే వాచ్‌మన్ దంపతులకు, పనివాళ్లకు, డ్రైవర్లకు, స్వీపర్లకు కూడా ఇవ్వండి. డాక్టర్ దగ్గరికి వెళ్లమని చెప్పిన రోజు సెలవు ఇవ్వండి, జీతం కోయకండి.

ఇవి మాత్రం వద్దు

ఎవరి బీపీ ఎంతో వాట్సాప్ గ్రూప్‌లో పెట్టకండి. అది వాళ్ల సొంత విషయం, పుస్తకం వాళ్ల దగ్గరే ఉండాలి. ‘నాకు ఈ మాత్ర బాగా పనిచేసింది, నువ్వూ వేసుకో’ అని ఒకరి మందులు ఇంకొకరికి ఇవ్వకండి. వేలు గుచ్చి చేసే షుగర్ పరీక్ష మన చేతుల్లో పెట్టుకోవద్దు. ఒకరికి వాడిన సూది పొరపాటున ఇంకొకరికి తగిలితే ప్రమాదం, వాడిన సూదులు పారేయడానికీ పద్ధతి ఉంది. దాన్ని ఆరోగ్య కేంద్రానికి వదిలేయండి.

‘ఇవన్నీ చేసేందుకు ఎవరికి తీరిక?’ అన్న ప్రశ్న రావచ్చు. పదిమంది వంతులు వేసుకుంటే ఒక్కొక్కరికి ఏడాదిలో మూడు నాలుగు ఆదివారాలు వస్తాయి. చవితి మండపం దగ్గర తొమ్మిది రాత్రులు వంతులు వేసుకుని కూర్చునే కాలనీకి ఇది పెద్ద పని కాదు.

ఎవరైనా మీ కాలనీలో క్యాంపు పెడతామని వస్తే వద్దనకండి. అయితే ముందుగా నాలుగు విషయాలు అడగండి:

• బీపీ, షుగర్ ఎక్కువ ఉన్నవారిని మళ్లీ ఎప్పుడు, ఎవరు చూస్తారు?

• రిపోర్టులన్నీ కాగితం మీద మా చేతికి ఇస్తారా?

• మా ఫోన్ నంబర్లను ప్యాకేజీల ప్రచారానికి వాడబోమని రాసిస్తారా?

• తర్వాతి పరీక్షలు, వైద్యం మాకు నచ్చిన చోట చేయించుకోవచ్చా?

జవాబులు సరిగ్గా ఉంటే ఆ క్యాంపును మీ నెలవారీ ఆదివారాలకు తొలి రోజుగా చేసుకోండి. వచ్చే అసోసియేషన్ మీటింగ్‌లో లిఫ్టు మరమ్మతు, నీటి ట్యాంకర్ల లెక్కలు అయ్యాక ఈ సంగతి కూడా ఎత్తండి. తొలి నెల పదిహేను మందే రావచ్చు, అయినా మానకండి. ఏడాది తిరిగేసరికి ఎంతమందికి పరీక్షలు చేశామన్న లెక్క పక్కన పెట్టి, ఎంతమందికి బీపీ అదుపులోకి వచ్చిందో లెక్క తీయండి. గ్రూప్‌లో పేర్లు లేకుండా ఆ అంకె ఒక్కటి పెట్టండి.