పాటా చదువే

ఆక్స్‌ఫర్డ్‌లో క్రైస్ట్ చర్చ్ కాలేజీ ప్రార్థనా మందిరమే ఆక్స్‌ఫర్డ్ డయోసీస్‌కి, అంటే బిషప్ పరిధికి, కథీడ్రల్ కూడా. 1546 నుంచీ అంతే. అక్కడి కాయర్‌లో, అంటే గాయక బృందంలో, పిల్లలు పై స్వరాలు పాడితే, ఆల్టో, టెనర్, బాస్ పాడేవాళ్లలో డిగ్రీ విద్యార్థులూ ఉంటారు. ఆ విద్యార్థులు రాస్తున్న వ్యాసం సగంలో ఆపేసి, కాసక్ అనే పొడవాటి అంగీ మీద తెల్లటి సర్‌ప్లిస్ తొడుక్కుని, రిహార్సల్ ముగించి ఈవెన్‌సాంగ్ అనే సాయంత్రపు ప్రార్థనకి నిలబడాలి. వినేవాళ్లు పదిమందే ఉన్నా పాట పలచబడకూడదు. దీన్ని చదువు పక్కన సరదా అంటే నేనొప్పుకోను. నొటేషన్ చూసీ చూడగానే పాడటం, పక్కవాడి ఊపిరి విని తన గొంతు తగ్గించుకోవడం ఏ పరీక్షహాల్లో నేర్పుతారు? ఆ విద్యార్థులకిచ్చే స్కాలర్‌షిప్ దయ కాదు, కష్టానికి ప్రతిఫలం. అది పెరగాలి. వ్యాసాల గడువులు పెట్టే అధ్యాపకులు కూడా ఆ సాయంత్రాలను లెక్కలోకి తీసుకోవాలి.