ఆ అరచేతిలో మనమేం రాద్దాం?

మూడేళ్ల క్రితం, మిరప కోతల రోజులవి. ఆదివారం ఆరాధన ముగిసే వేళకు ఒక తల్లి తన కొడుకును ముందుకు తీసుకొచ్చింది. అతను పుట్టుకతో బధిరుడు. బధిరుల పాఠశాలలో చదివి ఇంటర్ పాసయ్యాడు. అయితే కొంతకాలంగా పొద్దుగూకితే చాలు, కళ్లు కనిపించడం లేదు. కల్లంలో ఆరబోసిన కాయలను తొక్కుకుంటూ నడిచాడని తండ్రి చెయ్యి చేసుకున్నాడట! పొగరనుకున్నారు గానీ అది రేచీకటని తర్వాత తెలిసింది. ఆ అబ్బాయి కోసం నేను గొంతెత్తి చాలాసేపు ప్రార్థించాను. సంఘమంతా ‘ఆమేన్’ అంది. అతను మాత్రం కళ్లు మూసుకొని, తల వంచుకొని అలాగే నిలబడ్డాడు. తల్లి భుజం తట్టేదాకా ప్రార్థన అయిపోయిందని అతనికి తెలియలేదు. నా ఒక చేతిలో బైబిలు, మరో చేతిలో మైకు. అతన్ని తాకడానికి నాకు చెయ్యే ఖాళీ లేదు!

వెళ్తూ వెళ్తూ ఆ తల్లి ‘అయ్యగారూ, వీణ్ణి డిగ్రీలో చేర్చమంటారా, మాన్పించమంటారా?’ అనడిగింది. వేదాంత కళాశాలలో ఏళ్లతరబడి చదువుకున్న నా దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఆ ఏడాది అతను చేరలేదు.

వినికిడి, చూపు రెండూ లోపించిన వారిని బధిరాంధులంటారు. అందరికీ రెండూ పూర్తిగా పోవు, అందరికీ పుట్టుకతోనే రావు. పుట్టుకతో వినికిడి లోపం, యుక్తవయసులో రేచీకటి, క్రమేణా చూపు ఇరుకైపోవడం, ఈ మూడూ కలిసిన స్థితిని వైద్యులు అషర్ సిండ్రోమ్ అంటారు. ఇది వంశపారంపర్యంగా వచ్చేది. మేనరికాలు ఎక్కువగా ఉన్నచోట ఇటువంటి జబ్బులకు అవకాశం పెరుగుతుంది. బాపట్లలో వినికిడి లోపమున్న విద్యార్థులకు ప్రభుత్వ రెసిడెన్షియల్ కళాశాల ఉంది. కానీ సంజ్ఞల భాష కళ్లతో చూసి నేర్చుకునేది. సరిగ్గా కళాశాలలో చేరే వయసులోనే ఆ చూపు తగ్గిపోతుంటే ఏం చేయాలి?

చట్టం వీరిని మరచిపోలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం బధిరాంధత్వాన్ని పేరుపెట్టి మరీ గుర్తించింది. 40 శాతానికి తగ్గని వైకల్యమున్నవారికి ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలని, వయోపరిమితిలో 5 ఏళ్లు సడలించాలని చెప్పింది. రాతపరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని 2018లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. తగిన సదుపాయాన్ని నిరాకరించడం వివక్షేనని 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే ఇది ఎవరో పెట్టే భిక్ష కాదు, హక్కు!

అయితే ఒక్క సంగతి ఆలోచించండి. అంధ విద్యార్థికి స్క్రైబ్ ప్రశ్న చదివి వినిపిస్తాడు. బధిర విద్యార్థి ప్రశ్నపత్రం తానే చూసి చదువుకుంటాడు. రెండూ లేనివారికి ఈ రెండు దారులూ మూతపడినట్టే కదా! వారికి కావలసింది వేరు. దుభాషి చేసే సంజ్ఞలను అతని చేతుల మీద తమ చేతులుంచి వారు గ్రహిస్తారు. కంప్యూటర్‌లోని పాఠాన్ని వేలి కింద చుక్కలుగా లేపే బ్రెయిలీ డిస్‌ప్లే కావాలి. కొంత చూపు మిగిలిన వారికి పెద్ద అక్షరాల నోట్స్ ముందుగానే ఇవ్వాలి. హాస్టల్ నుండి తరగతికి తోడు నడిచే మనిషి కావాలి. ఇవి ఉంటే చదువు సాగుతుందనడానికి హెలెన్ కెల్లరే సాక్ష్యం. 19 నెలల పసిప్రాయంలోనే చూపు, వినికిడి కోల్పోయిన ఆమె 1904లో అమెరికాలోని ర్యాడ్‌క్లిఫ్ కళాశాలలో పట్టభద్రురాలైంది. తరగతిలో ఉపాధ్యాయిని యాన్ సలివన్ పక్కనే కూర్చొని, పాఠాలను ఆమె అరచేతిలో అక్షరాలుగా వేళ్లతో చెబుతూ ఉండేది. హెలెన్ మేధస్సు ఎంత గొప్పదో, నాలుగేళ్లు అలసిపోని ఆ చేయి కూడా అంతే గొప్పది!

యేసుప్రభువు కూడా అదే చేశాడు. మార్కు సువార్త ఏడో అధ్యాయంలో బధిరుణ్ణి ఆయన జనసమూహంలో నుండి పక్కకు తీసుకెళ్లి, చెవుల్లో వేళ్లుంచి, నాలుకను తాకాడు. వినలేనివానితో మొదట స్పర్శతోనే మాట్లాడాడన్నమాట. ఎనిమిదో అధ్యాయంలో అంధుణ్ణి చెయ్యి పట్టుకొని ఊరి వెలుపలికి నడిపించాడు. రెండుచోట్లా అద్భుతం తర్వాతి సంగతి, ముందు జరిగింది తాకడం. మనమేమో స్వస్థత కూటాలకు పిలుస్తాం, స్వస్థత రాకపోతే విశ్వాసం చాలలేదంటాం. వినలేని వానికి మైకులో ప్రార్థన చేసిన నేను ఈ మాట ఇతరుల మీద నెట్టి తప్పించుకోలేను. బధిరుణ్ణి తిట్టవద్దని, అంధుని దారిలో అడ్డంకి పెట్టవద్దని లేవీయకాండం 19వ అధ్యాయం ఒకే వచనంలో ఆజ్ఞాపించింది. తిట్టడమొక్కటే పాపం కాదు, అడ్డంకి ఉందని తెలిసీ తీయకపోవడం కూడా పాపమే.

1842లో ఫాదర్ హేయర్ గుంటూరు వచ్చి పరిచర్య ఆరంభించినప్పుడే బళ్లు కూడా తెరిచాడు. 1885లో ఆంధ్ర క్రైస్తవ కళాశాల వెలిసింది. బడి గుమ్మం ఎక్కనివ్వని మన తాతల చేత పలక పట్టించింది ఆ పరిచర్యే. పత్తి చేలలో, మిరప తోటల్లో కూలికెళ్లిన వారి పిల్లలు ఉపాధ్యాయులయ్యారు, అధికారులయ్యారు. అలా గుమ్మం దాటి వచ్చిన మనం, ఇవాళ గుమ్మం బయట నిలబడ్డవారిని చూడకపోతే ఎలా?

సంఘాలు చేయగలిగింది చాలా ఉంది. వైకల్య ధ్రువపత్రం కోసం తిరిగే తల్లిదండ్రులకు ఒక పెద్ద తోడు వెళ్లవచ్చు. ప్రిన్సిపాల్ గదిలో వారి పక్కన కూర్చొని చట్టం చెప్పిన మాట గుర్తు చేయవచ్చు. 1997 నుండి బధిరాంధుల కోసం పనిచేస్తున్న అహ్మదాబాద్‌లోని సెన్స్ ఇండియా వంటి సంస్థల సలహా తీసుకోవచ్చు. ఏటా సభల పందిళ్లకు, సౌండ్ సిస్టమ్‌కు పెట్టే ఖర్చులో కొంత తీసి ఒక యువతికో యువకుడికో దుభాషి శిక్షణ ఇప్పించవచ్చు. ఏమీ రానివారు సైతం అరచేతిలో వేలితో ఒక్కో అక్షరం రాసి పలకరించవచ్చు. దానికి ఏ డిగ్రీ అక్కర్లేదు, కాస్త ఓపిక చాలు.

ఆ తల్లి ప్రశ్నకు మూడేళ్లు ఆలస్యంగా జవాబు చెబుతున్నాను. చేర్చమ్మా! ఈసారి నీ వెంట కళాశాలకు సంఘం వస్తుంది. మైకు పక్కన పెట్టి, ఖాళీ చేతులతో నేనూ వస్తాను.